గొలుసుకు కట్టాల్సింది మా జబ్బులను కాదు

ఆరోగ్య రికార్డులను బ్లాక్‌చైన్ మీదికి తేవాలని చూస్తున్న ఆసుపత్రుల యాజమాన్యాలకు, ఆ పని నెత్తికెత్తుకున్న సాఫ్ట్‌వేర్ నిపుణులకు,

నమస్కారం.

రాత్రీ పగలూ నడిచిన వైద్యానికి రాసిన కేస్ షీట్‌లో మూడు షిఫ్టుల చేతులు కనబడాలి. ఒకరి రాత గుండ్రంగా ఉంటుంది, ఇంకొకరిది పక్కకు వాలుతుంది, మరొకరిది కోడి కెలికినట్టుంటుంది. సిరా మారుతుంది. ఎక్కడో ఒకచోట మందు మరక పడుతుంది. అలా కాకుండా ఇరవై నాలుగు గంటల రాత అంతా ఒకే చేతితో, ఒకే పెన్నుతో, మడత నలగని కాగితం మీద ముత్యాల్లా ఉంటే రికార్డుల గదిలో పనిచేసేవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ షీట్ వైద్యం జరుగుతుండగా రాసింది కాదు. రోగి పోయాక, గొడవ వస్తుందని తెలిశాక, కూర్చుని రాసింది.

అలాంటి షీట్లు నేను చూశాను. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఈ ఉత్తరానికి అనవసరం. చూసి, రిజిస్టర్‌లో నంబరు వేసి, అలమరలో పెట్టి ఊరుకున్నాను కూడా. ఆ మాట ఇక్కడ దాచడం న్యాయం కాదు. అందుకే బ్లాక్‌చైన్ గురించి, అంటే నమోదులను గొలుసులా ఒకదానికొకటి ముడివేసి, నకళ్లు పలువురి దగ్గర ఉంచే చెరగని చిట్టా గురించి, మొదటిసారి విన్నప్పుడు అందరికీ బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు గుర్తొస్తే నాకు ఆ నలగని కాగితం గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఇది ఉండి ఉంటే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. కాబట్టి నన్ను కొత్తదంటే గిట్టని ముసలి గుమాస్తాగా లెక్కేసి ఈ ఉత్తరం పక్కన పడేయకండి. మీ పరికరం మీద నాకు మోజు ఉంది. మీరు దాన్ని ఎక్కడ వాడబోతున్నారన్న దాని మీదే భయం.

ఈ మధ్య మీరు చూపిస్తున్న ప్రణాళికల్లో ఒక వాక్యం తరచూ కనబడుతోంది: "రోగి సమాచారం మొత్తం బ్లాక్‌చైన్ మీద భద్రంగా నిల్వ ఉంటుంది." ఆ 'మొత్తం' దగ్గరే నా తగువు.

ముందు ఈ గొలుసు పుట్టుక సంగతి చూద్దాం. బిట్‌కాయిన్ పత్రం వెలువడింది 2008లో. కానీ అసలు ఆలోచన అంతకంటే పాతది. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిక్కును పట్టుకున్నారు. కంప్యూటర్‌లో ఉన్న పత్రం ఫలానా తేదీకి ఇలాగే ఉందని రుజువు చేయడం ఎలా? కాగితానికైతే సిరా, మడత, మరక సాక్ష్యం చెబుతాయి. ఫైలుకు అవేవీ లేవు, తేదీ మార్చినా మరక పడదు. వాళ్లు చెప్పిన ఉపాయం ఇది: పత్రాన్ని దాచొద్దు, దాని వేలిముద్ర లాంటి హాష్‌ను మాత్రం తీసుకోండి, దాన్ని ముందు వచ్చిన పత్రాల హాష్‌లతో ముడివేయండి. నడుమ ఒక పత్రాన్ని మార్చాలంటే ఆ తర్వాతి ముడులన్నీ విప్పాలి. వాళ్లు పెట్టిన సంస్థ 1995 నుంచి ఆ వరుస తాలూకు హాష్‌ను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనల నడుమ వారంవారం అచ్చు వేయించింది. ఇక దాన్ని మార్చాలంటే ఊళ్లలోని పాత పేపర్లన్నీ పోగుచేసి తగలబెట్టాలి. నాకు ఈ కథలో నచ్చేది అదే. ఆ నమ్మకానికి ఆధారం పెద్ద యంత్రమేం కాదు, నలుగురి చేతుల్లో ఉన్న పాత పేపరు.

గమనించారా, ఆ పేపర్లో పడింది పత్రం కాదు. పత్రం ఎవరింట్లో వాళ్ల దగ్గరే ఉంది.

హాష్ అంటే తెలియని పాఠకులు కూడా ఈ ఉత్తరం చదవొచ్చు కాబట్టి రెండు ముక్కలు. ఎంత పెద్ద ఫైలునైనా ఒక లెక్కలో వేస్తే నిర్ణీత పొడవున్న అంకెల, అక్షరాల వరుస బయటికొస్తుంది. ఎస్‌హెచ్ఏ-256 అనే లెక్క అయితే ఆ వరుస 64 అక్షరాలు. ఫైలులో ఒక్క కామా మారినా వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ వరుసను పట్టుకుని ఫైలును వెనక్కి రప్పించడం మాత్రం కుదరదు. రాత్రి పదకొండింటికి నర్సు రాసిన బీపీ నమోదుకు అప్పటికప్పుడు హాష్ తీసి గొలుసులో వేస్తే, తెల్లారి దాన్ని ఎవరు దిద్దినా దిద్దినట్టు తెలిసిపోతుంది. ఏం దిద్దారో గొలుసు చెప్పదు. దిద్దారని చెబుతుంది. నేను చూసిన ముత్యాల్లాంటి రాతలకు ఆ ఒక్క ముక్క చాలు.

నిజానికి ఇది మా రికార్డుల వాళ్ల పాత క్రమశిక్షణే. కేస్ షీట్‌లో తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మాట కింద నుంచి కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, సమయం వేయాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పే పాఠం ఇది. చెరపడం ఉండదు, చేర్చడమే ఉంటుంది. మీ గొలుసు ఆ పాఠాన్ని యంత్రానికి నేర్పింది. ఇంతవరకూ మీకూ నాకూ పేచీ లేదు.

ఇప్పుడు పేచీకి వద్దాం.

రికార్డునే గొలుసులో పెడతామంటే మొదట అడ్డుపడేది పరిమాణం. ఒక్క సీటీ స్కాన్ వందల మెగాబైట్లు ఉండగలదు. బిట్‌కాయిన్ చాలాకాలం సుమారు పది నిమిషాలకు ఒక బ్లాకు (నమోదుల కట్ట), బ్లాకుకు ఒక మెగాబైటు అన్న హద్దుతో నడిచింది. ప్రైవేటు గొలుసులు వేగంగా నడుస్తాయని మీరంటారు, నిజమే. కానీ ప్రతి నోడ్ దగ్గరా, అంటే గొలుసు నకలు ఉంచుకునే ప్రతి కంప్యూటర్ దగ్గరా, ప్రతి స్కాన్‌కూ ఒక నకలు ఉంచడం అంటే పది ఆసుపత్రుల చెత్త పదకొండో ఆసుపత్రి మోయడమే. ఇది డబ్బుతో తీరే సమస్య, కాబట్టి దీని మీద నేను ఎక్కువసేపు వాదించను.

డబ్బుతో తీరనిది మరొకటుంది. "ఎన్‌క్రిప్ట్ చేసి పెడతాం కదా, ఎవరికి అర్థమవుతుంది?" అని మీరు తేలిగ్గా అనేస్తారు. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా వేసే లెక్కల తాళం. తాళాలకు వయసు ఉంటుందండీ. డీఈఎస్ అనే తాళం 1977లో ప్రమాణంగా వచ్చింది. 1998లో ప్రత్యేకంగా కట్టిన ఒక యంత్రం దాన్ని 56 గంటల్లో తెరిచేసింది. ఎండీ5 అనే హాష్‌లో 2004లో, ఎస్‌హెచ్ఏ-1లో 2017లో రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే వేలిముద్ర పుట్టించి చూపించారు. రేపటి క్వాంటం కంప్యూటర్లు ఇవాళ్టి తాళాల్లో కొన్నింటిని విప్పగలవన్న జాగ్రత్తతోనే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త తాళాల ప్రమాణాలు విడుదల చేసింది. మామూలు డేటాబేస్ అయితే పాత తాళం తీసి కొత్తది వేయొచ్చు. పాత నకలు చెరిపేయొచ్చు. పదిమంది దగ్గర చెరగని నకళ్లు పెట్టాక, వాటికి వేసిన తాళం ఇరవై ఏళ్లకు తుప్పు పడితే ఏం చేస్తారు?

ఇరవై ఏళ్లకు ఆ సమాచారం పాతబడుతుంది అనుకోకండి. క్రెడిట్ కార్డు నంబరు పోతే బ్యాంకు కొత్తది ఇస్తుంది. పదిహేడేళ్ల వయసులో ఒక అమ్మాయి మానసిక వైద్యుడితో చెప్పుకున్న మాటలకు కొత్త నంబరు ఎవరిస్తారు? జన్యు పరీక్ష ఫలితం ఆ మనిషిది మాత్రమే కాదు, అప్పటికింకా పుట్టని మనవలది కూడా. వాళ్లెవరూ మీ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టలేదు.

"సరే, రికార్డు పెట్టం, హాష్ ఒక్కటే పెడతాం" అంటే సగం దారికి వచ్చినట్టు. మిగతా సగంలో రెండు గోతులున్నాయి. హెచ్‌ఐవీ పరీక్షకు ఉండేవి రెండు మూడు జవాబులే. ఒకరి పేరు, పుట్టినతేదీ తెలిసినవాడు వాటి పక్కన 'పాజిటివ్' అని ఒకసారి, 'నెగటివ్' అని ఒకసారి రాసి హాష్ తీసి పోల్చుకుంటే గుట్టు రట్టయిపోతుంది. వెనక్కి రప్పించలేని లెక్క అయినా, ముందు నుంచి ఊహించగలిగితే అది గుట్టు ఎలా అవుతుంది? అందుకే ప్రతి నమోదుకూ సాల్ట్ అనే రహస్యపు అంకెను కలిపి హాష్ తీయాలి, ఆ సాల్ట్‌ను గొలుసు బయట దాచాలి. మీ నిపుణులకు ఇది తెలిసే ఉంటుంది. తెలిసినది పథకం పత్రంలో ఎందుకు రాయలేదన్నదే నా ప్రశ్న.

రెండో గొయ్యి ఇంకా లోతు. హాష్‌లో ఏముందో ఎవరికీ తెలియకపోయినా, అది ఎప్పుడు పడింది, ఎక్కడి నుంచి పడింది అన్నది గొలుసు చూసేవాళ్లందరికీ తెలుస్తుంది. ఒకే గుర్తు కింద ఇరవై ఒక్క రోజులకోసారి క్యాన్సర్ ఆసుపత్రి నుంచి నమోదు పడుతోంటే అది కీమోథెరపీ అని ఊహించడానికి డాక్టరే కానక్కర్లేదు. ప్రతి మంగళవారం సాయంత్రం మానసిక వైద్యశాల నోడ్ నుంచి ఒక నమోదు వస్తోంటే, లోపల ఏం రాశారో చదవాల్సిన పనేముంది? పేరు బదులు ఒక గుర్తు వాడుతున్నామని చెప్పి తప్పించుకోలేరు. 1990ల నడుమ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పేర్లు తీసేసి విడుదల చేసిన ఉద్యోగుల వైద్య సమాచారంలోంచి లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ రికార్డును పట్టుకుంది. ఆమె చేసిందల్లా ఓటర్ల జాబితా కొని, పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్ పక్కపక్కన పెట్టి చూడటం. కాబట్టి ప్రతి ఆసుపత్రికీ, ప్రతి సందర్శనకూ వేర్వేరు గుర్తులు వాడాలి. వేల నమోదులను ఒక మూటగా, మెర్కిల్ ట్రీ అనే పద్ధతిలో కట్టి, ఆ మూట మీది ముడి ఒక్కటే గొలుసులో వేయాలి. అప్పుడు బయటివాడికి మూట కనబడుతుంది, మూటలో ఎవరున్నారో కనబడదు.

ఇలా చేసి చూపించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఎస్టోనియా 2007లో పెద్ద సైబర్ దాడికి గురైన దేశం. ఆ దెబ్బ తర్వాత, లోపలివాళ్లే చిట్టాలు దిద్దినా పట్టుబడే దారి వెతికింది. 2016లో దేశంలోని పది లక్షలకు పైగా రోగుల రికార్డుల రక్షణకు కేఎస్ఐ అనే హాష్ గొలుసును జోడిస్తున్నట్టు ప్రకటించారు. రికార్డులు మాత్రం గొలుసులోకి వెళ్లలేదు. అవి ఉన్నచోటే ఉన్నాయి. వాటిని ఎవరు ముట్టుకున్నారన్న చిట్టాకు ముడిపడింది. అక్కడి పౌరుడు పోర్టల్ తెరిచి తన రికార్డును ఏ డాక్టరు ఎప్పుడు చూశాడో తానే చూసుకోవచ్చు. దీన్ని బ్లాక్‌చైన్ అనొచ్చా, అనకూడదా అని నిపుణులు జుట్లు పట్టుకుంటారు. పేరు ఏదైతేనేం, పని జరుగుతోంది. అదే 2016లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు మెడ్‌రెక్ అనే నమూనా తయారుచేశారు. అందులోనూ రికార్డు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది; ఎక్కడుందో చెప్పే చిరునామా, ఎవరు చూడొచ్చో చెప్పే అనుమతి మాత్రమే ఎథీరియం అనే బ్లాక్‌చైన్ మీద ఉంటాయి.

అంటే దారి తొక్కినవాళ్లు ఇప్పటికే 'మొత్తం' అన్న మాటను వదిలేశారు. మీరెందుకు పట్టుకున్నారో నాకు అంతుబట్టదు. అమ్మకం పత్రంలో బాగుంటుందని కాబోలు.

చట్టం కూడా ఇటే లాగుతోంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 16వ అధికరణం తప్పు సమాచారం దిద్దించుకునే హక్కునిస్తుంది, 17వది చెరిపించుకునే హక్కునిస్తుంది. వైద్య రికార్డులకు మినహాయింపులున్నాయి, నిజమే. చెరపమన్న ప్రతిదీ చెరపక్కర్లేదు. కానీ 'చెరపలేం' అనడం వేరు, 'చెరపకూడదు' అనడం వేరు. యూరప్ డేటా రక్షణ మండలి 2025 ఏప్రిల్‌లో బ్లాక్‌చైన్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే సలహా: చట్టంలోని సూత్రాలతో తగువు వచ్చేటట్టయితే వ్యక్తిగత సమాచారాన్ని గొలుసులో పెట్టకండి. రికార్డు, సాల్ట్ బయట ఉంటే చిక్కు సులువుగా విడుతుంది. అవి చెరిపేస్తే గొలుసులో మిగిలేది ఎవరిదో తెలియని ఒక అంకెల వరుస.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. దీనికి లెక్కలూ తాళాలూ ఏవీ అక్కరకు రావు.

ఒకప్పుడు మా దగ్గరే పనిచేసే ఒకావిడ ఏదో పరీక్ష చేయించుకుంది. ఫలితం ఆమె చేతికి అందేలోపే క్యాంటీన్‌లో దాని మీద చర్చ నడుస్తోంది. ఆమె ఏడుస్తూ వచ్చి, నా ఫైలు ఎవరు తెరిచారో చెప్పండి అంది. చిట్టా తీయించాం. చిట్టా చక్కగానే ఉంది: తేదీ, సమయం, నిమిషంతో సహా. తెరిచినవారి పేరు దగ్గర 'వార్డు2' అని ఉంది. ఆ వార్డులో మూడు షిఫ్టుల నర్సులు, వచ్చిపోయే హౌస్ సర్జన్లు, ఒకోసారి బిల్లింగ్ కుర్రాడు, అందరిదీ ఒకటే లాగిన్. పాస్‌వర్డ్ కంప్యూటర్ పక్కన గోడకు అంటించి ఉంది. ఎందుకలా అంటే, ఒక్కొక్కరు లాగిన్ అయ్యి, అవుట్ అయ్యి పనిచేయాలంటే ఆ పాత కంప్యూటర్ ఒక్కోసారికి నాలుగు నిమిషాలు తీసుకునేది. బెడ్ మీద రోగి ఆయాసపడుతుంటే నాలుగు నిమిషాలు ఎవరాగుతారు? తప్పు నర్సులదని నేను అనను.

ఆ రోజు మా దగ్గర బ్లాక్‌చైన్ ఉండి ఉంటే ఏం చేసేది? 'వార్డు2' అన్న మాటను ప్రపంచంలో ఎవరూ మార్చలేనంత గట్టిగా రాసి పెట్టేది.

కాబట్టి దొరలూ, గొలుసు కొనే ముందు వార్డులో వేగంగా లాగిన్ అయ్యే కార్డు రీడర్లు కొనండి. ఇది మీ ప్రెజెంటేషన్‌లో అందంగా కనబడదు, నాకు తెలుసు. కంచే చేను మేసే చోట పాదముద్ర ఎవరిదో తేలాలి. రాసేటప్పుడే అబద్ధమైతే, ఎంత చెరగని సిరాతో రాస్తే ఏం లాభం? ఒకే పేరున్న ఇద్దరి రిపోర్టులు తారుమారైతే గొలుసు ఆ తారుమారును కూడా అంతే నిష్ఠగా కాపాడుతుంది.

పెద్ద పెద్ద దోపిడీలన్నీ ఏ తలుపు గుండా జరిగాయో కూడా ఒకసారి చూడండి. 2017 మేలో వాన్నాక్రై వైరస్ బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులను స్తంభింపజేసింది. మైక్రోసాఫ్ట్ దాని విరుగుడు మార్చిలోనే విడుదల చేసినా చాలాచోట్ల వేసుకోలేదు. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ నుంచి దొంగిలించిన మాటలను పట్టుకుని 2020లో రోగులను ఒక్కొక్కరినీ విడివిడిగా బెదిరించారు. అక్కడ డేటాబేస్‌కు సరైన కాపలాయే లేదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో చేంజ్ హెల్త్‌కేర్ అనే వైద్య బిల్లింగ్ సంస్థ మీద జరిగిన దాడిలో సుమారు 19 కోట్ల మంది సమాచారం బయటపడింది. దొంగలు దూరింది రెండో అంచె గుర్తింపు లేని ఒక రిమోట్ లాగిన్ గుండా అని మాతృసంస్థ అధిపతి ఆ దేశపు చట్టసభ ముందు ఒప్పుకున్నాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ బ్లాక్‌చైన్ ఆపి ఉండేది కాదు. 'తాళం వేసితిని, గొల్లెం మరచితిని' అన్న సామెత మన కోసమే పుట్టినట్టుంది.

"రోగి చేతికే తాళంచెవి ఇస్తాం, తన సమాచారానికి తానే యజమాని" అన్న మాట కూడా మీ పత్రాల్లో చదివాను. వినడానికి ఎంత బాగుందో! తాళంచెవి అంటే ఇక్కడ ఒక రహస్యపు అంకె, సాధారణంగా ఫోనులో ఉంటుంది. బిట్‌కాయిన్ ప్రపంచంలో అది పోతే డబ్బు పోయినట్టే, అడిగే దిక్కు ఉండదు. మరి స్పృహ లేకుండా స్ట్రెచర్ మీద వచ్చినవాడి ఫోనుకు వేలిముద్ర ఎవరు వేయిస్తారు? మతిమరపు వచ్చిన పెద్దాయన తాళంచెవి కోడలి దగ్గర ఉండాలా, కొడుకు దగ్గర ఉండాలా? పిల్లవాడి రికార్డుకు తల్లిదండ్రులు పట్టుకున్న తాళంచెవి ఏ వయసుకు అతని చేతికి రావాలి? భార్య ఫోనును గుప్పిట్లో పెట్టుకున్న భర్త దగ్గర ఆమె 'సమ్మతి'కి అర్థమేమిటి? ఇవేమీ అరుదైన సంగతులు కావు. రోజూ ఓపీలో కనబడేవే.

అత్యవసరంలో అనుమతి లేకుండా తెరిచే దారి ఉండి తీరాలి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లలో దాన్ని 'బ్రేక్ ది గ్లాస్' అంటారు, అగ్నిమాపక పెట్టె అద్దం పగలగొట్టినట్టు. పోయిన తాళంచెవికి మారుచెవి ఇచ్చే దారీ ఉండాలి. ఆ మారుచెవులు ఎవరి దగ్గర ఉంటాయో వాళ్లే అసలు యజమానులు. కాబట్టి 'మధ్యవర్తి లేని వ్యవస్థ' అన్న మాట వెనక్కి తీసుకోండి. మధ్యవర్తి ఉంటాడు. ఎవరో చెప్పండి, అద్దం పగిలిన ప్రతిసారీ ఆ చప్పుడు రోగికి వినబడేలా చేయండి. గొలుసు ఇక్కడ అద్భుతంగా పనికొస్తుంది: పగిలిన అద్దాన్ని ఎవరూ అతికించి దాచలేరు.

అన్నట్టు, ఎస్టోనియా వాళ్లకూ ఈ తాళంచెవుల దెబ్బ తగిలింది. 2017లో వాళ్ల గుర్తింపు కార్డుల్లోని చిప్పులో లోపం బయటపడి, సుమారు 7.6 లక్షల కార్డుల సర్టిఫికెట్లను నిలిపివేసి కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. హాష్ గొలుసుకు ఏమీ కాలేదు. మనుషుల జేబుల్లోని కార్డుకైంది. వాళ్లు తట్టుకున్నారంటే తాళం మార్చే ఏర్పాటు ముందే ఉండబట్టి.

సమ్మతిని స్మార్ట్ కాంట్రాక్టులో, అంటే గొలుసు మీద తనంతట తానే అమలయ్యే ప్రోగ్రాములో, రాస్తామన్న దాని గురించి ఒక్క మాటే. 2016 జూన్‌లో ఎథీరియం మీద ద డావో అనే నిధి నుంచి కోడ్‌లోని ఒక లొసుగు పట్టుకుని 36 లక్షల ఈథర్ (ఆ గొలుసు మీది డబ్బు) లాగేశారు. నెల తిరిగేసరికి, మార్చలేమన్న గొలుసునే చాలామంది కలిసి మార్చుకున్నారు. డబ్బును అలా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒకసారి చూసిన రిపోర్టును చూడనట్టు చేయడం ఎవరి తరం? సమ్మతి వెనక్కి తీసుకుంటే రేపటి నుంచి తలుపు మూసుకుంటుంది. నిన్న లోపలికొచ్చినవాడి జ్ఞాపకం మూసుకోదు. ఈ తేడాను రోగికి తేట తెలుగులో చెప్పి సంతకం తీసుకోండి.

రెండు ఆసుపత్రులు మాట్లాడుకోవాలంటే బ్లాక్‌చైన్ కావాలన్న వాదన కూడా సరికాదు. ఒకచోట చక్కెర 126 అని రాస్తారు, మరోచోట 7 అని రాస్తారు. కొలమానాలు వేరు, రక్తంలో ఉన్నది ఒకటే. దాన్ని కలిపేది ఎఫ్‌హెచ్ఐఆర్ అనే ఆరోగ్య సమాచార ప్రమాణం లాంటి ఉమ్మడి భాష. ముందు ఆ పని తెమల్చండి.

చివరికి నోడ్ల సంగతి. ఈ గొలుసు బలమంతా నకలు నలుగురి దగ్గర ఉండటంలోనే ఉంది. ఆ నలుగురూ ఒకే యాజమాన్యం కింది నాలుగు కంప్యూటర్లయితే అది గొలుసు వేషం వేసుకున్న డేటాబేస్, ఖర్చు మాత్రం ఎక్కువ. నాలుగు వేర్వేరు ఆసుపత్రులైనా నాకు పూర్తి ధైర్యం లేదు. చికిత్స వికటించినప్పుడు ఆసుపత్రులు ఒకరినొకరు ఎలా కాచుకుంటాయో చూసినవాణ్ని. రోగుల సంఘానికి ఒక నోడ్ ఇవ్వండి. వైద్యుల మీద ఫిర్యాదులు విచారించే మండలికి ఒకటి. నర్సుల సంఘానికి ఒకటి, ఎందుకంటే రాత్రికి రాత్రి రాత మారిన చాలా సందర్భాల్లో నింద చివరికి పడేది వాళ్ల నెత్తిన. ఇదంతా కుదరదంటారా, అయితే బ్లాక్‌చైన్ మానేయండి. చేర్చడమే తప్ప చెరపడం లేని చిట్టా ఒకటి పెట్టి, రోజూ దాని హాష్‌ను నలుగురికీ కనబడేచోట ప్రకటించండి. ఇంటర్నెట్ భద్రతా సర్టిఫికెట్ల మీద నిఘాకు 2013 నుంచి ఉన్న సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ దాదాపు ఇలాంటిదే. 1995లో పాత పేపరుతో నడిచిన పని ఇప్పుడు నడవకపోదు.

మీ వ్యవస్థ సిద్ధమై, డెమో చూపే రోజు వస్తుంది కదా. ఆ రోజు నాకూ ఒక కుర్చీ వేయండి. మీ డేటాబేస్ అడ్మిన్‌ను పిలిచి, నిన్న రాత్రి రెండింటికి రాసిన ఒక నమోదును ఇవాళ పొద్దున దిద్దమంటాను. దిద్దిన సంగతి రోగికి ఎంతసేపట్లో చేరిందో గడియారం చూసుకుంటాను. రోగి ఫోను మా జేబులో వేసుకుని, ఇప్పుడు ఆమె తన రికార్డు ఎలా తెరుచుకుంటుందో చూపమంటాను. తర్వాత వార్డుకు వెళ్దాం. కంప్యూటర్ పక్కన గోడకు ఏదైనా కాగితం అంటించి ఉందేమో చూడాలి.

ఇట్లు,
రికార్డుల గదిలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు రోగిగా అదే వరుసలో నిలబడుతున్న ఒకడు